వేరులోనే టేకు ప్రాణం

తొలకరి వేళ పొలం గట్లపై టేకు నాటే రైతులకు నర్సరీల నుంచి తరచూ అందేవి ఆకులున్న మొక్కలు కావు, జానెడు పొడవున్న ఎండుపుల్లల వంటి ముక్కలు. వీటినే టేకు స్టంపులు అంటారు. మచ్చుకైనా పచ్చదనం లేని ఈ ముక్క బతుకుతుందా అన్న సందేహం మొదటిసారి నాటేవారికి కలగడం సహజం. అయితే అందులో వేరు భాగమే అధికం. మొక్క నెలల తరబడి కూడబెట్టుకున్న ఆహారం అక్కడే నిల్వ ఉంటుంది.

నర్సరీ మడుల్లో ఏడాదిపాటు పెరిగిన మొక్కలను వేర్లతో సహా పెకలించి, ఇంచుమించు బొటనవేలి మందం ఉన్నవాటిని ఎంపిక చేస్తారు. కాండాన్ని అంగుళం మేర ఉంచి పైభాగం కోసేస్తారు. తల్లివేరును 15 నుంచి 20 సెంటీమీటర్ల వరకు ఉంచి పక్కవేర్లను తొలగిస్తారు. మొదటి ఏడాది మొక్క తన సంపాదనలో పెద్ద వాటాను వేరుకే మళ్లించడం వల్ల ఈ పద్ధతి సాధ్యమవుతోంది.

ఆహారం పంపకం ఇలా..

ఆకులు సూర్యరశ్మితో తయారుచేసే చక్కెరలే చెట్టుకు శక్తి. బెరడు లోపలి పొర గుండా ఇవి అన్ని భాగాలకూ చేరతాయి. శ్వాసక్రియకు పోగా మిగిలినది ఎటు వెళ్లాలన్నది చాలావరకు కొరతను బట్టి నిర్ణయమవుతుంది. నేలలో నీరు, నత్రజని చాలనప్పుడు వేర్ల వాటా పెరుగుతుంది. నీడపట్టున వెలుతురు చాలనప్పుడు కాండం, ఆకుల వాటా పెరుగుతుంది. చిగుళ్లలో తయారయ్యే ఆక్సిన్, వేరు కొనల్లో తయారయ్యే సైటోకైనిన్ అనే హార్మోన్లు ఈ రెండు వైపుల మధ్య సమన్వయం కుదురుస్తాయి.

వయసు పెరిగేకొద్దీ మానులో కలప పేరుకుంటుంది. ఉష్ణమండల అడవుల్లో ఎదిగిన చెట్ల వేర్ల బరువు నేలపై భాగం బరువులో సుమారు ఐదో వంతు నుంచి నాలుగో వంతు వరకు ఉంటుంది. పొడి ప్రాంతాల్లో ఇది ఇంకా ఎక్కువ. ఈ లెక్క చూసి వేర్లకు ఖర్చు తగ్గిందనుకోవడం పొరపాటు. నీటిని పీల్చే సన్నని పీచువేర్లు నిరంతరం చనిపోతూ, మళ్లీ పుడుతూ ఉంటాయి. వాటికయ్యే వ్యయం తూకంలో కనిపించదు.

వేసవిలో ఆకు రాల్చిన టేకు మళ్లీ చిగురించేది నిల్వ ఉన్న పిండిపదార్థంతోనే. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా అడవుల వంటి టేకు అడవుల్లో నిప్పుకు కాలిన లేత మొక్క వానలు పడగానే మొదలు నుంచి తిరిగి లేవడానికీ అదే ఆధారం. జామాయిల్ నరికిన తర్వాత మోడు నుంచి వచ్చే పిలకలు కొత్తగా నాటిన మొక్కలకన్నా ఏపుగా పెరగడం రైతులకు తెలిసిందే. అక్కడ వేళ్లు అప్పటికే పాతుకుని ఉంటాయి.

చిగురు చూసి మోసపోవద్దు

నష్టం వాటిల్లేదీ ఈ నిల్వ విషయంలోనే. ఒక్క జల్లు పడగానే నాటిన స్టంపు తనలోని ఆహారంతో చిగురిస్తుంది. రైతు మొక్క పట్టుకుందని భావిస్తాడు. కొత్త వేర్లు దిగకముందే వాన మొహం చాటేస్తే ఆ ఆకులు ఉన్న తేమను ఖర్చుచేసి వాడిపోతాయి. రెండోసారి చిగురించేందుకు నిల్వ చాలకపోవచ్చు. అందుచేత నేల లోతుగా తడిసిన తర్వాతే గునపంతో రంధ్రం చేసి, స్టంపు మెడ భాగం నేలమట్టానికి ఉండేలా దించి, చుట్టూ ఖాళీ లేకుండా మట్టి గట్టిగా అదమాలి.

సంచుల్లో పెరిగిన ఏ మొక్క కొన్నా ఎత్తును చూసి ఎంచుకోరాదు. నీడలో సాగి పొడవైన మొక్కకు వేరు సాధారణంగా బలహీనంగానే ఉంటుంది. ఎక్కువ కాలం సంచిలో ఉంటే వేర్లు అడుగున చుట్ట చుట్టుకుంటాయి. నాటే ముందు సంచి తీసేసి ఆ చుట్టను కోసివేయాలి. యూరియా అతిగా వేస్తే ఆకు పెరిగినంతగా వేరు పెరగదు. రోజూ కొద్దికొద్దిగా నీరు పోస్తే వేర్లు పైపొరలోనే ఉండిపోతాయి. నాటుకున్న తర్వాత వ్యవధి ఇస్తూ పాదు నిండుగా తడపడం మేలు. స్టంపుకు రెండు మూడు పిలకలు వస్తే నిటారుగా, బలంగా ఉన్న ఒక్కదాన్ని ఉంచి మిగిలినవి లేతగా ఉన్నప్పుడే తుంచివేయాలి.