ఇంటిపేరే ఇంధనమైనవాడు

అంకుర సంస్థలూ, వాటి స్థాపకుల మనోవ్యథలూ మన సాఫ్టువేరు తరంతోనే పుట్టాయని చాలామంది భావిస్తుంటారు. నూరేళ్ళ క్రితమే జరిగిన ఒక కథ ఉంది. పొలంగట్టున డుబుడుబుమంటూ నీళ్ళు తోడిన ఆయిలింజనును ఎరిగినవారిలో కూడా, డీజిలన్నది మొదట ఒక మనిషి ఇంటిపేరని ఎరిగినవారు తక్కువే.

రుడాల్ఫ్ డీజిల్ 1858లో పారిసులో జర్మను దంపతులకు జన్మించాడు. 1893లో ఇంజనుకు పేటెంటు లభించింది. ఆ ఆగస్టులో ఆగ్స్‌బర్గులో జరిగిన తొలి పరీక్షలో ఒత్తిడిని కొలిచే పరికరమే పగిలిపోయింది! (అదే శకునమనేవారు మనలో ఉండకపోరు.) నాలుగేళ్ళ శ్రమ తర్వాత, 1897 ఫిబ్రవరిలో ప్రొఫెసర్ ష్రోటర్ పరీక్షించగా, ఇంధనంలోని శక్తిలో 26 శాతం పనిగా మారుతున్నదని తేలింది. ఆనాటి మామూలు ఆవిరియంత్రాలకు పదోవంతు దక్కడమే గొప్ప.

అసలు కష్టాలు ఆ విజయంతోనే మొదలయ్యాయి. లైసెన్సుల కోసం కంపెనీలు ఎగబడ్డాయి. అమెరికా హక్కులకు ఆడాల్ఫస్ బుష్ పది లక్షల మార్కులిచ్చాడు. కానీ అది ఇంకా ప్రయోగశాల యంత్రమే; నిపుణుల చేతిలో తప్ప సరిగా నడవదు. కొన్నవారి వద్ద అది మొరాయించినప్పుడల్లా నింద డీజిల్‌పై పడేది. యంత్రానికి తన పేరే పెట్టుకున్నవాడికి యంత్రదోషం వేరు, తన దోషం వేరు అని తోచదు కదా! పైగా పేటెంటుపై వ్యాజ్యాలు, తీవ్రమైన తలనొప్పులు.

1898 సెప్టెంబరులో ఆయన హక్కులన్నిటినీ ఒక కొత్త సంస్థ 35 లక్షల మార్కులకు కొన్నది. ఆ శరదృతువులోనే ఆయన మ్యూనిక్ దగ్గరి ఆరోగ్యాశ్రమంలో చేరవలసివచ్చింది. లోకం ఆయనను లక్షాధికారిగా కీర్తిస్తున్న వేళకు ఆయన మనసు పని చేయడం మానేసింది.

ఆ తర్వాత యంత్రపు లోపాలను ఆగ్స్‌బర్గు కర్మాగారపు ఇంజనీర్లు ఒక్కొక్కటిగా, ఓపికగా సరిదిద్దారు. 1912లో డేనిష్ ఓడ సెలాండియా డీజిలు ఇంజన్లతో సముద్రాలు దాటింది. అప్పటికే పేటెంటు గడువు తీరిపోయింది. స్థలాల వ్యాపారంలో, ఇతర పెట్టుబడులలో ఆయన సంపద కరిగిపోయింది. మ్యూనిక్‌లోని విలాసభవనం మాత్రం అలాగే ఉంది. బయటివారికి లోటు కనబడలేదు.

1913 సెప్టెంబరు 29 రాత్రి, ఆంట్‌వర్ప్ నుంచి హార్విచ్ వెళ్ళే ఓడలో మిత్రులతో భోజనం చేసి తన గదికి వెళ్ళాడు. తెల్లవారేసరికి గదిలో లేడు. కొన్ని రోజులకు సముద్రంలో మృతదేహం కనబడింది. గూఢచారుల కథలు చాలానే ప్రచారమయ్యాయి. నాకు వాటికన్నా లెక్కల పుస్తకాలే ఎక్కువ చెబుతాయి. ఆయన అప్పులెంతో కుటుంబానికి ఆ తర్వాతగానీ తెలియలేదు. కుమారుడు యూజెన్ తండ్రి జీవితచరిత్రను 1937లో వెలువరించాడు.