చర్లలోని రెండు సంవత్సరాదులు

భద్రాచలమునకు ఎగువను, గోదావరి యెడమగట్టున, అడవియంచున చర్ల యున్నది. ఈ సీమ 1860లో నిజామునుండి ఆంగ్లేయుల వశమయ్యెను. మధ్యపరగణాలలో నుండి 1909లో చెన్నపురి రాజధానిలో కలిసెను. 1959లో ఖమ్మము జిల్లాకును, 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లాకును సంక్రమించెను. చెన్నపురి దొరలకు ఫసలీ జూలై మొదటి తేదీన పుట్టెడిది. ఊరి బ్రాహ్మణునికి చైత్రశుద్ధ పాడ్యమియే యుగాది. కోయగూడెములలో మాత్రము విత్తనము కదలినదే సంవత్సరము.

దానిని విజ్జ పండుము అందురు. పండుమనగా పండుగ, విజ్జ యనగా విత్తనము. తొలకరికి ముందు గ్రామపెద్దలు కూడి దినము నిర్ణయింతురు గాన అన్ని గూడెములకు నొక్కదినము కాదు. భూమికి మ్రొక్కి విత్తనములను పూజించినగాని దుక్కిలో గింజ పడరాదు. పురుషులు వేటకు పోవుదురు. స్త్రీలు రేల పాటలు పాడుచు దారిన పోవువారి నాపి పండుగకానుక లడుగుదురు.

పంచాంగ మెఱుగనివారికి సంవత్సరాది యేమిటని మనలో చదువుకొన్నవారే యందురు. అట్టివారు హిమాలయములలోని భూటానును చూడవలెను. అచటి చాంద్రమాన సంవత్సరాది లోసారు; ‘లో’ యన సంవత్సరము, ‘సార్’ అన కొత్త. అది తఱచు ఫిబ్రవరి మార్చి మాసములలో వచ్చును. వారి గణితము మనకు పరాయిది కాదు. దానికి మూలమైన కాలచక్రతంత్రమును బుద్ధుడు మన ధాన్యకటకముననే యుపదేశించెనని వారి సంప్రదాయము. వారి అఱువదేండ్ల చక్రమునకు పేరైన ‘రబ్జుంగు’ మన ‘ప్రభవ’ శబ్దమునకు భోటభాషానువాదము. మన ప్రభవయు వారి చక్రారంభమును 1987లో నొక్కయేడే వచ్చినవి.

ఇంత శాస్త్ర మున్నను ఆ దేశమువారు తక్కిన సంవత్సరాదులను త్రోసివేయలేదు. పండ్రెండవ మాసారంభమున, పూర్వము ప్రజలు తమ పంటలను పునాఖాలో ఏలికకు సమర్పించిన దినమని యొక పండుగ చేయుదురు. సూర్యుడు మరలు దినమని పడమటిలోయలలో కొందఱు జనవరి 2నే కొత్తయేడుగా నెంతురు. ఈ మూడింటికిని ప్రభుత్వము సెలవిచ్చును. మన రాష్ట్రపు సాధారణ సెలవుల పట్టికలో ఉగాది యున్నది. విజ్జ పండుము లేదు.

చర్ల దారిలో కోయస్త్రీలు బండి నాపినపుడు లోపలివారు కొందఱు బిచ్చమని విసుగుకొనుట మేము చూచితిమి. సంక్రాంతికి హరిదాసు పాత్రలో దోసెడు బియ్యము పోయువారే వారు.