బలరాం: ఏడేళ్ళ ఆట

మా జడ్చర్లలో పదేళ్ళ పిల్లవాడు కూడా క్రికెట్ వీరుల పేర్లు గుక్కతిప్పుకోకుండా అప్పజెబుతాడు. ఇక్కడికి రెండు మూడు గంటల ప్రయాణదూరంలో, సికింద్రాబాదు అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం పేరెత్తితే మాత్రం, పెద్దవాళ్ళు సైతం "ఎవరాయన?" అంటారు. అందుకే ఈ నాలుగు మాటలు.

1936లో ఒక పేద తమిళ కుటుంబంలో జన్మించారు బలరాం. ఆ రోజుల్లో హైదరాబాదు ఫుట్‌బాల్ అంటే సయ్యద్ అబ్దుల్ రహీం. సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్దిన ఆ గురువే భారత జట్టుకూ శిక్షకుడు. ఆయన కంటబడడమే బలరాం జీవితంలో మలుపు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్ళేనాటికి ఈ కుర్రవాడికి ఇరవయ్యేళ్ళు. అక్కడ మనవాళ్ళు సెమీఫైనల్ చేరి నాలుగో స్థానంలో నిలిచారు. ఆ మరుసటి ఏడు కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్ క్లబ్బు ఆయనను ఆహ్వానించింది. ఫుట్‌బాల్‌లో పేరు గడించాలంటే ఆనాడు మన కుర్రవాళ్ళకు కలకత్తాయే రాజమార్గం.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ, ఫ్రాన్స్, పెరూ జట్లతో మనవాళ్ళు తలపడ్డారు. మూడు ఆటల్లో భారత్ చేసిన గోల్స్ మూడే. వాటిలో రెండు బలరాంవి. హంగేరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం గెలిచిన జట్టులోనూ ఆయన ఉన్నారు. ఆ తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మరో స్వర్ణం దక్కలేదు. అదే ఏటికి ఆయనకు అర్జున పురస్కారం లభించింది.

1963లో కథ అడ్డం తిరిగింది. ఊపిరితిత్తుల జబ్బు ముప్పై నిండకుండానే ఆయనను మైదానానికి దూరం చేసింది. ఆ ఏడాదే జూన్‌లో గురువు రహీం క్యాన్సర్‌తో కన్నుమూశారు. గురుశిష్యుల శకం ఒకే ఏట ముగిసింది.

పీ.కే. బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం: ముందు వరుసలో ఈ ముగ్గురినీ కలిపి చెప్పుకునేవారు. మొదటి ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. బలరాంకు రాలేదు. ఆయన బెంగాల్‌లోనే స్థిరపడి, 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో తుదిశ్వాస విడిచారు.

పురస్కారం సంగతి ప్రభుత్వాలకు వదిలేద్దాం. నన్ను బాధించేది వేరొకటి. తమిళ ఇంట పుట్టి, హైదరాబాదులో ఆట నేర్చి, బెంగాల్‌లో వెలిగినవాణ్ణి ఎవరి ఖాతాలో వెయ్యాలో తెలియక మనం ఏ ఖాతాలోనూ వెయ్యలేదు. మెట్టినిల్లు ఆయన ఆటను గుర్తుంచుకుంది. పుట్టినిల్లు కనీసం పేరైనా గుర్తుంచుకోవద్దూ?