ది లార్డ్ ఆఫ్ ద రింగ్స్: నవల నుండి వెండితెరకు

ఆంగ్ల రచయిత జె.ఆర్.ఆర్. టోల్కీన్ రచించిన ‘ది లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ 1954-55లో మూడు సంపుటాలుగా వెలువడినా, అది నిజానికి మన కావ్యాలలోని కాండల వంటి ఆరు భాగాలు గల ఒకే నవల. వెయ్యి పుటలకు పైబడిన ఈ అద్భుత గాథను, అనగా రచయిత సృష్టించిన లోకంలో, దానికే సొంతమైన జాతులతో, భాషలతో, చరిత్రతో నడిచే కథను, పూర్తిగా వెండితెరకు ఎక్కించడానికి నాలుగు దశాబ్దాలకు పైగా పట్టింది.

1957లో సినిమా కోసం రాసిన తొలి కథనం టోల్కీన్ చేతికి వచ్చింది. దానిని ఆయన వరుసవారీగా పరిశీలించి, ప్రయాసతో సాగవలసిన ప్రయాణాన్ని మహాకాయ గరుడపక్షులపై విహారంగా మార్చడాన్ని తీవ్రంగా ఆక్షేపించారు. నడక కష్టమే ఈ కథకు ప్రాణం గనుక ఆ ఆక్షేపణ న్యాయమైనదే. 1970 ప్రాంతంలో దర్శకుడు జాన్ బూర్మన్ నవలనంతటినీ ఒకే చిత్రానికి కుదించి రాసిన ప్రతి నిర్మాణానికి నోచుకోలేదు. 1978లో రాల్ఫ్ బాక్షీ, నటులను ముందుగా చిత్రీకరించి ఆ బొమ్మల మీదుగా రేఖలు గీసే రోటోస్కోపింగ్ పద్ధతిలో యానిమేషన్ చిత్రం తీసినా, అది సగం కథ వద్దే ఆగిపోయింది. రెండవ భాగం రానేలేదు.

న్యూజిలాండ్ దర్శకుడు పీటర్ జాక్సన్ రెండు చిత్రాలుగా తలపెట్టిన ప్రణాళికను ఒక్కటిగా తగ్గించాలని మిరామాక్స్ సంస్థ కోరగా, న్యూ లైన్ సంస్థ మూడు చిత్రాలకు అంగీకరించింది. 1999 అక్టోబరు నుండి 2000 డిసెంబరు వరకు మూడింటినీ కలిపి చిత్రీకరించి, 2001, 2002, 2003లలో విడుదల చేశారు. మూడవది 11 ఆస్కార్లు పొందింది. వేల మంది సైనికులను కంప్యూటరులో సృష్టించడం, నటుని కదలికలను గ్రహించి గొల్లమ్ పాత్రకు అతికించడం ప్రశంసలందుకున్నాయి గాని, అంతకన్నా కఠినమైన చిక్కు కథనక్రమంలో ఉంది. రెండవ సంపుటంలో టోల్కీన్ ముందు అరగార్న్ అనే యోధుని బృందం కథను పూర్తిగా చెప్పి, ఆ తరువాతే కథానాయకుడు ఫ్రోడో, అతని సహచరుడు శామ్‌ల వద్దకు వస్తారు. అందువల్ల ఫ్రోడో బతికి ఉన్నాడో లేదో తెలియని ఆందోళన పాఠకుణ్ణి పుటల తరబడి వెంటాడుతుంది. ప్రధాన పాత్రను అంతసేపు దాచడం తెరపై కష్టం గనుక జాక్సన్ రెండు కథలనూ ముక్కలు చేసి పెనవేయగా, వేగం పెరిగింది, ఆ ఆందోళన మాత్రం సన్నగిల్లింది.

విడిచిపెట్టిన ఘట్టాలలో టామ్ బొంబడిల్ అనే పాత్ర వృత్తాంతం లేకున్నా కథ నిలుస్తుంది. యుద్ధం ముగిసి ఇల్లు చేరిన హాబిట్లు, అనగా నవలలోని పొట్టి జాతివారు, తమ షైర్ సీమే దుర్మార్గుల పాలై ఉండటం చూసి దానిని విడిపించుకునే అధ్యాయం అటువంటిది కాదు. విజేతల సొంత ఊరు సైతం యుద్ధానికి మూల్యం చెల్లించవలసి వచ్చిందని చెప్పేది అదే. అది కథకు అత్యవసరమని, మొదటి నుండీ తన మనసులో ఉన్నదేనని టోల్కీన్ రెండవ కూర్పు ముందుమాటలో పేర్కొన్నారు. జాక్సన్ చిత్రాలలో దాని ఛాయ, మొదటి భాగంలో గలాద్రియెల్ అనే పాత్ర చూపే జలదర్పణంలో మండుతూ కనిపించే షైర్ దృశ్యంగా కొన్ని క్షణాలు మాత్రమే మిగిలింది; మిగతాది నవలలోనే చదువుకోవాలి.