ఇంగ్లీషు చదువు – మన హైదరాబాదు నేర్పిన పాఠం

"ఇంగ్లీషు బి.ఏ. చదివితే టీచరు పని తప్ప ఏమొస్తుందండీ?" అని మనవాళ్ళు అడుగుతుంటారు. దీనికి జవాబు మన ఊరి చరిత్రలోనే ఉంది.

1917లో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మానాతో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి పునాది పడింది. బోధన ఉర్దూలో. అయినా ప్రతి విద్యార్థీ ఇంగ్లీషు తప్పనిసరిగా చదవాలన్నారు. ఉర్దూలో పాఠ్యగ్రంథాలు చాలవు గనుక దారుల్ తర్జుమా అనే అనువాద శాఖను నెలకొల్పి మౌల్వీ అబ్దుల్ హఖ్ గారికి అప్పగించారు. గణితం, వైద్యం, న్యాయశాస్త్రం వగైరా గ్రంథాలు అక్కడ ఉర్దూలోకి వచ్చాయి. అంటే ఏమిటి? ఉర్దూ చదువు నిలబడింది ఇంగ్లీషు బాగా వచ్చినవారి కలం మీదనే!

1948లో సంస్థానం విలీనమయ్యాక ఉస్మానియాలో బోధన ఇంగ్లీషులోకి మారింది. 1958లో ఇంగ్లీషు ఉపాధ్యాయుల శిక్షణ కోసం ఇక్కడే ఒక కేంద్ర సంస్థ వెలిసింది. అదే 2007లో ఇఫ్లూ అనే కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది.

ఇక జూబ్లీహిల్స్ సంగతి. ఆ పేరు చెబితే అందరికీ సినిమావాళ్ళ బంగళాలు, ఫిల్మ్‌నగర్ స్టూడియోలే గుర్తొస్తాయి. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం కూడా అక్కడే ఉందని ఎంతమందికి తెలుసు? 1982లో జి. రాంరెడ్డి గారు తొలి వైస్ చాన్సలరుగా మొదలైన ఆ సంస్థకు 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. పగలు పనిచేసుకునేవారికీ, ఇల్లు చూసుకునే ఆడవారికీ డిగ్రీ అందించాలన్నదే దాని ఆశయం. లైట్లు మోసే కుర్రవాడైనా, కుట్టుమిషను తొక్కే చెల్లెలైనా చదువు ఆగిపోయిందని కూర్చోనక్కరలేదు. నేటి ప్రవేశ నిబంధనలు అక్కడే వెళ్ళి విచారించుకోవాలి.

డిగ్రీ చేతికి రాగానే ఉద్యోగం గుమ్మంలోకి రాదు, నిజమే. కాని అర్థం చేసుకుని చదవడం, తప్పుల్లేకుండా రాయడం అలవడితే పోటీ పరీక్షలు, పత్రికలు, బ్యాంకులు, న్యాయవాద వృత్తి, సినిమాలకు సబ్‌టైటిళ్ళు రాసే పని – ఇన్నిచోట్ల అక్కరకొస్తుంది. పైగా మన పిల్లలకు ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు ఎలాగూ వస్తాయి. మూడోది గట్టిపడితే అనువాదకుడికి అంతకన్నా పెట్టుబడి ఏం కావాలి?

ఇంగ్లీషు నేర్చుకుంటే మాతృభాష పోతుందని భయపడకండి. దారుల్ తర్జుమా పెద్దలు ఒకదానితో ఇంకొకదాన్ని పెంచారు. మనమూ అదే చేద్దాం. ఈ ఏడు మీ ఇంట్లో చదువు మానిన ఒక్కరినైనా మళ్ళీ పుస్తకం పట్టించండి.