చీమలు త్రవ్విన బంగారము



భారతము చదివినవారికి ధర్మరాజు చేసిన రాజసూయము తెలియనిది కాదు. ఆ యాగమునకు నానాదేశములవారు తెచ్చిన కానుకలను చూచి అసూయచే కుమిలిన దుర్యోధనుడు వానిని ఒక్కొక్కటిగా తండ్రికి వర్ణించి చెప్పును. సంస్కృత సభాపర్వమున ఆ వర్ణనలో నొక వింత కానుక కలదు. మేరుమందరముల నడుమ శైలోదానది దరిని వసించు ఖసులు, కుణిందులు, తంగణులు మొదలగు కొండజాతులవారు పిపీలికమను పేరుగల బంగారమును ద్రోణములతో కొలిచి రాసులుగా తెచ్చిరట. పిపీలికమనగా చీమ. చీమలు వెలికి దీసినది గనుక ఆ బంగారమున కా పేరు.

నేను బడిలో ఈ ఘట్టము చెప్పినపుడెల్ల పిల్లలు నవ్వెడివారు. చీమ బెల్లము మోయును గాని బంగార మెట్లు మోయునని అడిగెడివారు. ప్రశ్న న్యాయమైనదే. పెద్దల మాటకు ఎదురాడరాదనుట దానికి సమాధానము కాదు. అంతయు కల్లయని త్రోసివేయుటయు సమాధానము కాదు. మరి ఏది సమాధానమో విచారింతము.

ఈ కథ మన గ్రంథములలోనే గాక యవనుల గ్రంథములలో గూడ నున్నది. క్రీస్తునకు పూర్వము అయిదవ శతాబ్దివాడగు హెరొడోటస్ తన చరిత్రలో, పారసీక చక్రవర్తియగు డేరియస్‌నకు హిందువులు ఏటేట 360 టాలెంటుల బంగారుపొడి కప్పము గట్టుచుండిరని చెప్పి, అది దొరకు విధమును వివరించినాడు. కుక్కకన్న చిన్నవి, నక్కకన్న పెద్దవియగు చీమలు ఇసుకనేలలో కలుగులు త్రవ్వుచు బంగారము గలిసిన ఇసుకను పైకి పోయును. ఎండ మిక్కిలి తీవ్రముగా నుండు ఉదయవేళ అవి తాళలేక లోపల దాగియుండగా, జనులు ఒంటెలపై వచ్చి ఇసుకను సంచుల కెత్తుకొని పారిపోవుదురట.

పిమ్మట చంద్రగుప్త మౌర్యుని కొలువునకు రాయబారిగా వచ్చిన మెగస్తనీస్ ఇంకను స్పష్టముగా వ్రాసినాడు. దరదులను జాతివారి దేశమున పర్వతములపై గొప్ప పీఠభూమి కలదనియు, అచ్చట నక్కలంతేసి చీమలు చలికాలమున నేల త్రవ్వి కలుగుల నోళ్లకడ మట్టిని కుప్పలు పెట్టుననియు చెప్పెను. దరదులు మన పురాణములకును పరిచితులే. అలెగ్జాండరుతో వచ్చిన నియార్కస్ ఆ చీమలను తాను చూడలేదు గాని వాని తోళ్లను దండువిడిదిలో చూచితి ననెను. తరువాతి యవన పండితులలో స్ట్రాబో, అర్రియన్ వంటివారు ఈ మాటలను నమ్మలేదు.

నక్కంత యుండి, బొచ్చుతోలు గలిగి, కలుగునోట మట్టిని కుప్పపోయు జంతువు చీమ కానేరదు. అట్టి జంతువు హిమాలయముల ఆవల నిజముగా నున్నది. అది మార్మట్టు. మన మైదానములలో లేని ప్రాణి గనుక తెలుగున దీనికి పేరు లేదు. ఎలుకవలె కొరికి తిను జాతులలోనిదై, మన పెరటి ఉడుతకు జ్ఞాతియగును. తోక విడిచి మూరెడునకు కొంచె మెక్కువ పొడవుండును. నాలుగైదు కిలోలు తూగును. కాశ్మీరమునకు ఉత్తరమున దేవసాయి పీఠభూమి 13,000 అడుగుల ఎత్తున నున్నది. నేడది పాకిస్తాన్ అధీనములోనిది. అచ్చటి మార్మట్టు పచ్చని ఛాయతో ఎఱ్ఱదేరి యుండును. లడఖ్, టిబెట్టులలో దీని దాయాది మరియొకటి కలదు.

దీని బ్రదుకు చిత్రమైనది. వేసవి నాలుగైదు నెలలు గడ్డి, దుంపలు మేసి క్రొవ్వు కూర్చుకొనును. ఆకురాలు కాలము కాగానే కుటుంబమంతయు లోతైన కలుగులోనికి పోయి, లోపలినుండి మట్టితో, రాళ్లతో ద్వారము పూడ్చుకొని నిద్రించును. ఆ నిద్ర ఆరేడు నెలలు. అప్పుడు దాని దేహపు వేడి మంచునీటి దాపునకు దిగును. నిమిషమునకు నూటికి పైగా కొట్టుకొను గుండె మూడు నాలుగు సారులు మాత్రమే కొట్టుకొనును. మేతవేళ గ్రద్దగాని తోడేలుగాని కనబడినచో చూచినది ఈలవేయును. తక్కినవన్నియు కలుగులు చొచ్చును. తరతరములుగా త్రవ్విన ఆ కలుగుల నోళ్లకడ లోపలి మన్ను దిబ్బలుగా పడియుండును.

అడుగున బంగారుపొడి గల నేలయైనచో ఆ దిబ్బలో బంగారముండుటలో వింతయేమి? సింధునది ఇసుకను కడిగి బంగారము తీయుట ఆ ప్రాంతమున చిరకాలముగా నున్న వృత్తియే. నేలలోపలి సంగతి త్రవ్వెడి ప్రాణి చెప్పునని మనవారికి తెలియును. వరాహమిహిరుడు బృహత్సంహితలో పుట్టలను బట్టి జలము నెఱుగు విధము చెప్పలేదా?

1984లో మిషెల్ పెయిసెల్ అను ఫ్రెంచి యాత్రికుడు ఈ విషయముపై నొక గ్రంథము ప్రకటించెను. సింధులోయలోని దరదజాతివారగు మినారో ప్రజల వృద్ధులు, తమ పూర్వులు మార్మట్టుల కలుగులనుండి పడిన మట్టిని తెచ్చి బంగారము తీయుచుండిరని తనతో చెప్పినట్లు అందు వ్రాసెను. పారసీకమున మార్మట్టునకు కొండచీమయను అర్థమిచ్చు పేరుండెననియు, దానివలననే ఈ కథ పుట్టెననియు ఆయన మతము. ఈ ఊహ అసంగతము కాదు. మనము ఏదుపంది యందుము. అది పంది కాదు, ఇదియు కొరికి తిను జాతిదే. నీటికుక్క యందుము, అది కుక్క కాదు. మన భాష రాని పరదేశి యెవడైన ఈ పేళ్లను విడదీసి తర్జుమా చేసినచో, తెలుగుదేశమున ములుకులు మొలచిన పందులును, నీట బ్రదుకు కుక్కలును కలవని వ్రాసికొనిపోడా?

ఆక్షేపణలు లేకపోలేదు. మార్మట్టు చలికాలమున నిద్రించును; మెగస్తనీస్ చీమలు చలికాలముననే త్రవ్వును. దీనికి వేఱొక సమాధానము చెప్పినవారు కలరు. కుమాఊ ప్రాంతమున బడిపంతులుగా నుండిన నైన్ సింగ్ నాయకత్వమున 1867లో సర్వేశాఖవారు పంపిన జట్టు, టిబెట్టులోని థోక్ జలుంగ్ బంగారుగనుల వార్త తెచ్చెను. మన్ను గడ్డకట్టి జారిపడకుండుటకై అచ్చటివారు చలికాలముననే ఎక్కువగా త్రవ్వుచుండిరట. ఆ మీదట డెన్మార్కు పండితుడు షియెర్న్, తోళ్లు కప్పుకొని త్రవ్వు ఆ మనుష్యులే కథలోని చీమలని వాదించెను. రెండు వార్తలు ఒకే కథలో కలిసియుండవచ్చును. కాని కలుగు, మట్టికుప్ప, జంతువు పరిమాణము, దరదులదేశము ఈ నాలుగును మార్మట్టునకే పొసగుచున్నవి గనుక నేనా పక్షమునే అవలంబించుచున్నాను. చీమలు మనుష్యులను తరుముటయను మాట మాత్రము కథకుల కల్పన. మార్మట్టు మనిషి అలికిడి వినిన కలుగు చొచ్చునది.

ఇందు గ్రహింపదగినది మరియొకటి కలదు. రెండువేల యేండ్లకు పైగా పండితులను చిక్కులు పెట్టిన వాక్యమునకు తాళపుచెవి ఏ పుస్తకశాలలోను దొరకలేదు. కొండగ్రామముల వృద్ధుల నోట దొరకినది. వారు శాస్త్రము చదివినవారు కారు. తాతలు చేసినపని మరువనివారు. ఆ మాట అడుగువాడు లేక, చెప్పువాడు గతించియుండినచో, భారతములోని ఆ కానుక నేటికిని పరిహాసపాత్రమై యుండెడిది.

మన గ్రామములలోను ఏ గుట్టపై ఏ జంతువు కలుగు త్రవ్వునో, ఏ పుట్టకడ నీరుపడునో, ఏ పేరు ఎందువలన వచ్చెనో ఎఱిగిన పెద్దలు కలరు. ఈ మాటలు వినుచున్నవారు వారే. మీకు తెలిసినదానిని అల్పమని దాచుకొనక, అక్షరము వచ్చిన చేతితో నేడే ఒక కాగితముపై వ్రాసి యుంచుడు. ఏ పద్యమునకు, ఏ శాసనమునకు అది రేపు వ్యాఖ్యానమగునో ఎవ్వరు చెప్పగలరు?