బూడిదరంగు వెదురు సొర

తీరానికి దగ్గర్లో, సముద్రపు అడుగున రాళ్ల సందుల్లో మసలే చిన్న సొర ఇది. శాస్త్రీయ నామం కైలోసిలియం గ్రీసియం. ఎంత పెరిగినా పొడవు 77 సెంటీమీటర్లు. అరేబియా సముద్రం నుంచి ఆగ్నేయాసియా దాకా ఉంటుంది. మైపాడు, కృష్ణపట్నం, జువ్వలదిన్నెల ముందున్న నెల్లూరు సముద్రం ఆ పరిధిలోనిదే. మనిషి జోలికి రాదు. రొయ్యలు, పీతలు, చిన్న చేపలు దీని తిండి.

1838లో జర్మన్ శాస్త్రవేత్తలు యోహానెస్ ముల్లర్, యాకోబ్ హెన్లే దీనికి పేరు పెట్టారు. గ్రీసియం అంటే లాటిన్‌లో బూడిదరంగుది. పెద్ద సొరకు ఆ పేరు తగినదే, పిల్లకు మాత్రం కాదు. గుడ్డు నుంచి బయటపడ్డ పన్నెండు సెంటీమీటర్ల పిల్ల ఒంటినిండా వెదురు కణుపుల్లా ముదురు పట్టీలుంటాయి. పెరిగేకొద్దీ అవి చెరిగిపోతాయి. రెంటినీ పక్కపక్కన పెడితే ఒకే జాతి అంటే నమ్మబుద్ధి కాదు.

అందుకే రంగును వదిలి రెక్కలు చూడాలి. వీపు మీది రెండు రెక్కలూ ఇంచుమించు ఒకే సైజు, వెనక అంచు తిన్నగా ఉంటుంది. దీని బంధువు కైలోసిలియం పంక్టాటంలో ఆ అంచు లోపలికి వంగి, కింది కొస పొడవుగా సాగుతుంది. మరో బంధువు కైలోసిలియం ఇండికం ఒళ్లు సన్నం, దానిమీద చుక్కలు, గీతలు. ఈ మూడింటికీ నోరు కళ్లకంటే ముందుంటుంది, ముక్కు దగ్గర పొట్టి మీసాలుంటాయి. కంటి కింద పెద్ద రంధ్రం ఒకటి ఉంటుంది. అడుగున కదలకుండా పడుకున్నప్పుడు దానిగుండా నీరు పీల్చి మొప్పలకు పంపుతుంది.

తెలుగువారి నోటి ‘సొర’ అన్న మాట ఈ లాటిన్ పేరు కంటే ముందే శాస్త్ర గ్రంథాల్లోకి చేరింది. విశాఖపట్నంలో సేకరించిన రెండువందల చేపలపై ప్రకృతి శాస్త్రవేత్త పాట్రిక్ రస్సెల్ 1803లో వెలువరించిన గ్రంథం చేపలను స్థానికుల పేర్లతోనే నమోదు చేసింది. బాలింతకు పాలు పడతాయని పెట్టే పాలసొర వేరు, ఈ వెదురు సొర వేరు. బెస్తలు దీనికోసం వల వేయరు. వేరే చేపలతో కలిసి వచ్చిపడుతుంది.

దీని ఇబ్బంది అక్కడే మొదలైంది. తోలులాంటి గట్టి కోశాల్లో కొద్దిపాటి గుడ్లు అడుగున పెడుతుంది; పిల్ల బయటికి రావడానికి నెలలు పడుతుంది. అడుగును ఊడ్చే ట్రాల్ వలలకు ఆ కోశాలూ చిక్కుతాయి. ఆ వలలు లాగే మరపడవలకు తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మాత్రమే. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య దీన్ని ముప్పు పొంచివున్న జాతుల్లో చేర్చింది. అయితే నీటి బయట కొంతసేపు బతకగల గట్టి ప్రాణం ఇది. ఒడ్డున కుప్పపోసిన చేపల్లో మొప్పలాడిస్తూ కనిపించిన పట్టీల పిల్లను మళ్లీ నీళ్లలో వదిలితే ఈదుకుంటూ వెళ్లిపోగలదు.